కార్తీక సోమవారం నాటి బర్గండీ

మా అత్తయ్య ఇంట్లో ఎవరి గ్లాసు వాళ్ళదే. ఆ గ్లాసుకైనా పెదవి తగలకూడదన్నది ఆ పైన నియమం. మంచినీళ్ళయినా మజ్జిగయినా తల వెనక్కి వాల్చి, గ్లాసు పైకెత్తి, ధార నోట్లో పడేలా పోసుకోవాలి. తగిలిందా, ఎంగిలి. ఎంగిలైన గ్లాసు సింకులో పెట్టాలి, పెట్టిన చెయ్యి కడుక్కోవాలి, ఆ చేత్తో తిప్పిన కుళాయిని కూడా కడగాలి. ఈ కడుగుడు ఎక్కడ ఆగుతుందో ఇన్నేళ్ళ కాపురంలో నాకు అంతుపట్టలేదు. పెళ్ళయిన కొత్తలో ఎత్తి పోసుకోవడం చేతకాక ముక్కులోకి పోసుకుని దగ్గి దగ్గి చచ్చేదాన్ని. తరవాత తరవాత ఎంత అలవాటైపోయిందంటే, కాఫీ షాపులో కూడా చెయ్యి దానంతటదే పైకి లేచేది. వేడి కాఫీతో ఆ పని చేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

2020 మొదట్లో అత్తయ్య విజిట్ వీసా మీద షార్జా వచ్చారు. అక్కడి రోలా పేటలో మా ఫ్లాట్‌ చూసి, కొడుకు చిక్కిపోయాడని తీర్మానించి, నాలుగు రోజులు పప్పుచారు పెట్టి వెళ్ళిపోదామనుకున్నారు. ఈలోగా విమానాలు ఆగిపోయాయి. తిరగడం మొదలై మళ్ళీ ఆగడంతో, వీసా పొడిగించుకుంటూ ఆవిడ మా దగ్గరే ఉండిపోయారు. ఎవరి గ్లాసు వాళ్ళదే, ఎవరి కంచం వాళ్ళదే, చేతులు కడుక్కోండి, దూరంగా నిలబడండి అని ప్రపంచమంతా గగ్గోలు పెడుతుంటే, టీవీ ముందు కూర్చుని అత్తయ్య పెట్టిన ముఖం చూడాలి. ఇన్నాళ్ళకి లోకానికి బుద్ధొచ్చిందన్న తృప్తి అది. నాకు ఒళ్ళు మండేది. కానీ వాదించడానికి ఏముంది? ఆ ఏడు ఆవిడ గెలిచారు.

నేనప్పుడు దుబాయ్‌లో ఒక పెద్ద హోటల్ రిసెప్షన్‌లో పనిచేసేదాన్ని. ముందు మా ఆయన కంపెనీ మూతపడింది. తరవాత మా హోటల్ మూసి, కొన్నాళ్ళకి తెరిచి, ఆ మరుసటేడు రిసెప్షన్‌లో ఇంతమంది అక్కర్లేదన్నారు. అక్కర్లేని వాళ్ళలో నేనున్నాను. అయితే ఒక దారి చూపించారు. హోటల్లోనే ఉన్న ఫ్రెంచ్ రెస్టారెంట్‌లో వైన్ వడ్డించే మనిషి కావాలి. మాట్లాడటం వచ్చినవాళ్ళయితే చాలు, మిగతాది నేర్పుతారు, చివర్లో ఒక పరీక్ష. గట్టెక్కితే ఉద్యోగం, లేదంటే ఖలాస్, వీసా క్యాన్సిల్. మా ఆయన వీసా నా వీసాకి తగిలించి ఉంది. అంటే పరీక్ష రాసేది నేనొక్కదాన్నే అయినా, తప్పితే పెట్టె సర్దుకోవాల్సింది ముగ్గురం. అటు కాకినాడలో మాకోసం ఉద్యోగాలు పట్టుకుని ఎవరూ కూర్చోలేదు.

ఇంతకీ నేను అప్పటిదాకా మందు చుక్క ముట్టినదాన్ని కాదు. మా ఇంట్లో దగ్గుమందు కూడా అనుమానంగా చూసేవారు.

సంగతి ఇంట్లో చెప్పాను. మా ఆయన పైకప్పు కేసి చూశారు. అత్తయ్య నా కేసి చూశారు.

"అమ్మితే అమ్మావు. తాగడమెందుకే?"

"రుచి తెలియకుండా ఎలా అమ్ముతారు అత్తయ్యా?"

"చెప్పులమ్మేవాడు చెప్పు కొరికి చూస్తాడా?"

నేను గుమ్మం దగ్గరి చెప్పుల కేసి చూశాను.

"తాటిచెట్టు కింద కూచుని పాలు తాగినా కల్లే అంటారు. నువ్వు కల్లే తాగుతానంటున్నావు," అని ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు. గిన్నెల చప్పుడు మామూలు కంటే ఎక్కువైంది.

ఆవిడ కోపం ఊరికే వచ్చింది కాదు. మామయ్యగారు తాగేవారు. రోజూ. గొడవ చేసే రకం కాదాయన. ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చి, గుమ్మం పక్క కుర్చీలో ఒక్క మాట లేకుండా కూర్చునేవారట. అత్తయ్య ఆ కుర్చీ వైపు తిరిగి తిట్టాల్సినవన్నీ తిట్టేవారు. ఆయన వినేవారు. నేను కోడలిగా వెళ్ళేనాటికి ఆ కార్యక్రమం బాగా స్థిరపడి ఉంది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. సీసా కనబడితే చాలు, ఆవిడ ఇప్పటికీ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంటారు.

అత్తయ్య రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోనాడు పొద్దున్న పూజ ముగించుకుని వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. ముఖం చూస్తే జడ్జిగారు తీర్పు చదవబోతున్నట్టుంది.

"ఉపవాసం రోజు పళ్ళు తోముకుని నోరు పుక్కిలిస్తాం. దాంతో ఉపవాసం చెడుతుందా?"

"చెడదు."

"ఎందుకు చెడదు? మింగం గనక. నువ్వూ అంతే చెయ్యి. గ్లాసుకి పెదవి తగలనీకు. ఎత్తి పోసుకో, పుక్కిలించు, ఊసెయ్. అది తాగినట్టు కాదు, పుక్కిలించినట్టు. మాట ఇస్తావా?"

ఇచ్చాను. ఇవ్వకేం చేస్తాను? జన్మలో ఎవరికోసమూ ఒక్క నియమం సడలించని మనిషి, నా ఉద్యోగం కోసం రెండు రోజులు కూర్చుని శాస్త్రంలో సందు వెతికారు. ఆ సంగతి అప్పుడే అర్థమై, ఆవిడ మీద నాకు చెప్పలేనంత ఇష్టం కలిగింది. పైకి మాత్రం, "సరే, మీ ఇష్టం," అన్నాను. మా ఇంట్లో ఇష్టాలు పైకి చెప్పుకోరు.

శిక్షణ మొదలైంది. నేర్పేదీ పరీక్ష పెట్టేదీ ఒక్కరే, మా రెస్టారెంట్ ముదీర్, అంటే మేనేజరు. బేరూత్ మనిషి. పొడుగ్గా, ఇస్త్రీ మడత నలగకుండా ఉంటాడు. వైన్ గురించి మాట్లాడేటప్పుడు గొంతు తగ్గిస్తాడు, పక్క గదిలో పసిపిల్ల నిద్రపోతున్నట్టు. ఆయనకి ప్రాణం బర్గండీ. ఫ్రాన్సులో అదొక ప్రాంతం, అక్కడి ఎర్ర వైన్‌కి కూడా అదే పేరు. మొదటి రోజు ఒక పటం పరిచాడు. చూస్తే మా ఊరి పొలాల పటంలాగా ఉంది, అన్నీ చిన్న చిన్న చెక్కలు. ఎర్ర వైన్ మొత్తానికి ఒకటే రకం ద్రాక్షట, పినో న్వార్. కానీ ఈ చెక్కలో వైన్ రుచి వేరు, గోడకి అవతల చెక్కలో రుచి వేరు. ఆ గోడలు ఎప్పుడో సన్యాసులు కట్టించారు. వాళ్ళకి వేరే పని లేక, వందల ఏళ్ళు ఏ చెక్కలో పండింది ఎలా ఉందో రుచి చూసుకుంటూ రాసుకుంటూ హద్దులు తేల్చారు.

"సన్యాసులా? తాగారా?" అని అడిగాను.

"పండించారు," అన్నాడు ఆయన, కొంచెం నొచ్చుకుని.

సన్యాసులు ద్రాక్షతోట పెట్టడం నాకు పెద్ద వింతగా తోచలేదు. మఠాలకి మాన్యాలుండటం మనకి తెలియందా? తరవాతదే కష్టమైంది. కోసిన ద్రాక్షని పెద్ద తొట్టెల్లో పోస్తారు. అది పులుస్తూ పొంగుతుంటే తొక్కలన్నీ పైకి తేలి మీగడ కట్టినట్టు గట్టిపడతాయి. రంగూ రుచీ ఆ తొక్కల్లోనే ఉంటాయి కాబట్టి వాటిని మళ్ళీ రసంలో ముంచాలి. పూర్వం ఎలా ముంచేవారంటే, మనుషులే బట్టలు విప్పి తొట్టెలోకి దిగి కాళ్ళతో తొక్కేవారు. కొన్ని ఇళ్ళలో ఇప్పటికీ అంతే.

అంటే, గ్లాసుకి పెదవి తగిలితే ఎంగిలి అనుకునే నేను, ఎవడో మొలలోతు దిగి తొక్కినదాన్ని నోట్లో పోసుకోవాలి.

ఇంటికొచ్చి అత్తయ్యతో చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను.

"కాళ్ళతోనా? ఛీ! కడుక్కుంటారా?"

"కడుక్కుంటారట."

"గోళ్ళో?"

ముదీర్‌ని గోళ్ళ సంగతి అడగలేదు. ఆ మర్నాడు ఆయన ఇంకో రహస్యం చెప్పాడు. వైన్ తేటపడటానికి పీపాలో కోడిగుడ్డు తెల్లసొన కలిపే ఆచారం ఉందట, సొన మడ్డిని పట్టుకుని అడుక్కి దిగుతుంది, పైది వంచుకుంటారు. కాళ్ళ సంగతి ఇంట్లో చెప్పాను గానీ గుడ్డు సంగతి మింగేశాను. అన్నీ చెప్పేసుకుంటే సంసారాలు నిలబడవు.

ఇక అసలు బాధ గ్లాసుతో వచ్చింది. మన స్టీలు గ్లాసుకి అంచు ఉంటుంది, ఎత్తితే ధార తిన్నగా పడుతుంది. ఈ బర్గండీ గ్లాసు కడుపు పెద్దది, మూతి చిన్నది, మోసే కాలు పుల్లంత. అందులో అడుగున రెండు చెంచాల వైన్ పోస్తారు. దాన్ని ఎత్తి పోసుకుంటే ముందు ఏమీ రాదు. ఇంకొంచెం వంచితే ఒక్కసారి వచ్చి గడ్డం మీద పడుతుంది. మొదటిసారి నా తెల్ల చొక్కా చూసి వంటింట్లోంచి ఎవరో ఫస్ట్ ఎయిడ్ పెట్టె తెచ్చారు.

ముదీర్ నాకొక రుమాలు అందించాడు. "గాలి తగలడానికి అలా పోస్తారా మీ దేశంలో?" అని మర్యాదగా అడిగాడు. అవునన్నట్టు తలూపాను. అబద్ధమేమీ కాదు, గాలి బాగానే తగిలింది. రెండోసారికి ఆయన మర్యాద తగ్గింది. "మేడమ్, ఇది రెస్టారెంట్, ఫౌంటెన్ కాదు. పరీక్ష రోజు గ్లాసు పెదవికి పెట్టుకుని తాగాలి, అతిథులు చూస్తుంటారు. యల్లా, కానివ్వండి, మళ్ళీ." నేను మళ్ళీ ఎత్తాను. మాట ఇచ్చాను మరి. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

ఇంట్లో సాధన మొదలుపెట్టాను. షార్జాలో మందు మాటే ఎత్తకూడదు కాబట్టి సాధనంతా ద్రాక్షరసంతోనే. రోలాలో గాజు సామాన్ల కొట్టుకి వెళ్ళి అలాంటి గ్లాసే చూపించమంటే కొట్టతను నన్ను ఎగాదిగా చూసి, "జ్యూస్ కా గ్లాస్?" అన్నాడు. "హా భాయ్, జ్యూస్ కా హీ," అన్నాను. సాయంత్రాలు హాల్లో పాత దుప్పటి పరిచి, దాని మీద నేను నిలబడి, తల వెనక్కి వాల్చి ద్రాక్షరసం ఎత్తి పోసుకునేదాన్ని. అత్తయ్య సోఫాలో కూర్చుని అంపైరింగ్ చేసేవారు. "తగిలింది!" "లేదత్తయ్యా!" "తగిలింది, నేను చూశాను." మా ఆయన గుడ్డ పట్టుకుని నేల తుడిచేవారు. ఉద్యోగం లేని మనిషికి ఆ మాత్రం వ్యాపకం మంచిదే. చివరికి మణికట్టుని కొంచెం పక్కకి తిప్పితే సన్నటి ధార వస్తుందని కనిపెట్టాను. మూడు గ్లాసులు పగిలాక వచ్చిన విద్య అది.

వాసనలకి అత్తయ్య వంటిల్లు చాలింది. నా కళ్ళకి తువ్వాలు కట్టి పోపులపెట్టె డబ్బాలు ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టేవారు. ధనియాలూ జీలకర్రా చెప్పేదాన్ని. మెంతులకి మాత్రం ఎప్పుడూ తడబడేదాన్ని. ఆవిడ ఆ తువ్వాలు కట్టడంలో ఎంత ముడి బిగించేవారో, పాత కక్షలన్నీ అందులో ఉన్నాయేమోనని నాకు అనుమానం.

పరీక్ష రోజు చెప్పారు. నవంబరు. బర్గండీ నుంచి ఒక పెద్దావిడ వస్తున్నారు, సొంత తోట, సొంత వైన్. ఆ ఏటి కోతలు ముగించుకుని, మా రెస్టారెంట్‌కి తన సీసాలు పరిచయం చెయ్యడానికి. ముదీర్ ఏర్పాటు ఏమిటంటే, ఆవిడ ముందే నా పరీక్ష. ఆవిడ వైన్ నేను రుచి చూసి, ఆవిడకే అది ఎలా ఉందో చెప్పాలి. వండినావిడకే కూర ఎలా ఉందో చెప్పడమన్నమాట.

క్యాలెండర్ చూస్తే అది కార్తీక సోమవారం.

అత్తయ్య కార్తీక సోమవారాలు నక్షత్రం కనబడేదాకా ఉపవాసం ఉంటారు. ఇంట్లో కోడలు కూడా ఉండాలి. నా ఉపవాసాలు సాధారణంగా ఆవిడ కళ్ళముందు ఉన్నంతసేపే, కానీ ఆ రోజు నిజంగానే ఉన్నాను. ఆవిడకి ఇచ్చిన మాట అసలే పుక్కిలింతల మీద నడుస్తోంది, దాని కింద పునాదైనా గట్టిగా ఉండాలనిపించింది. పొద్దున్న బయల్దేరుతుంటే నుదుట బొట్టు పెట్టి, "పుక్కిలించు, ఊసెయ్. శివుడు చూసుకుంటాడు," అన్నారు. పాపం శివుడు. గొంతులో ఆపుకోవడం ఆయనకి తెలిసిన విద్యే.

మధ్యాహ్నం భోజనాల రద్దీ తగ్గాక రెస్టారెంట్ మూసి, కిటికీ పక్క బల్ల మీద తెల్ల గుడ్డ పరిచారు. పెద్దావిడ వచ్చి కూర్చున్నారు. జుట్టు తెల్లగా, పొట్టిగా. చేతులు చూసి ఆశ్చర్యపోయాను. వేళ్ళ గీతల్లో, గోళ్ళ చుట్టూ ఊదారంగు ఇంకిపోయి ఉంది. నేరేడుపళ్ళు ఏరే మనిషి చేతుల్లా ఉన్నాయి. నవ్వితే ముఖమంతా ముడతలు పడుతోంది. మాస్కు తీసి పక్కన పెట్టి, తన సీసా తనే తీసి, ముదీర్‌ని పొయ్యనివ్వకుండా తనే పోశారు.

పొద్దుటినుంచి ఏమీ తినలేదు. కాకినాడ టికెట్లు కళ్ళముందు కనిపిస్తున్నాయి. గ్లాసు తిప్పాను, వాసన చూశాను, అంతవరకు బాగానే ఉంది. తల వెనక్కి వాల్చాను. మణికట్టు పక్కకి తిప్పాలని తెలుసు. తిప్పాననే అనుకున్నాను. ఖాళీ కడుపుతో తిప్పితే ధార ఎటు పోతుందో ద్రాక్షరసం నేర్పలేదు. సగం చొక్కా మీద, సగం తెల్ల గుడ్డ మీద. నోట్లో పడింది ఒక్క చుక్క కూడా లేదు.

ముదీర్ కుర్చీలోంచి లేచాడు. "ఖలాస్," అన్నాడు. అరవలేదు, మెల్లగా, అలిసిపోయినట్టు అన్నాడు. దానికే ఎక్కువ భయమేసింది.

పెద్దావిడ మాత్రం కుర్చీ ముందుకి జరుపుకున్నారు. "ఎందుకలా తాగారు?" అని అడిగారు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని.

ఇక దాచేదేముంది? గాలి కబుర్లు కట్టిపెట్టి ఉన్నదున్నట్టు చెప్పేశాను. అత్తగారికి మాటిచ్చానని, పెదవి తగలకూడదని, మింగకూడదని, ఈ రోజు ఉపవాసమని కూడా. ఇంగ్లీషులో చెబుతుంటే నాకే పిచ్చిపిచ్చిగా వినిపించింది. ముదీర్ నోరు తెరుచుకుని విన్నాడు. ఇన్ని వారాలు ఆయన దాన్ని మొండితనం అనుకున్నాడు పాపం.

"మీ అత్తగారు గట్టిమనిషా?" అన్నారు పెద్దావిడ.

"చాలా."

"ఎంత?"

నోటికొచ్చింది అనేశాను. "నెలలో ఆ మూడు రోజులు నన్ను ఆవకాయ జాడీ ముట్టుకోనివ్వరు. బూజు పడుతుందని." ఆవకాయ ఏమిటో, జాడీ ఏమిటో కూడా చెప్పాను.

ఆవిడ బల్ల మీద చేత్తో ఒక్క దెబ్బ వేశారు. "మా అత్తగారు నన్ను వైన్ గదిలోకి రానిచ్చేది కాదు! అదే మూడు రోజులు! నేను అడుగుపెడితే వైన్ పులిసి వెనిగర్ అయిపోతుందట! తాళం తన దగ్గరే పెట్టుకునేది!"

నేను నవ్వడం మొదలుపెట్టాను. ఆవిడా నవ్వడం మొదలుపెట్టారు. కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వుకున్నాం. ఆవకాయ ఎక్కడ, బర్గండీ ఎక్కడ! ఇద్దరు ముసలమ్మలు ఒకరినొకరు కలవకుండానే ఒకే చట్టం రాశారు. ముదీర్ ఎర్రబడిపోయి, కిటికీలోంచి షేక్ జాయెద్ రోడ్డు మీద కార్లు చూడసాగాడు.

తరవాత ఆవిడ తన తోట గురించి చెప్పారు. కోడలిగా వచ్చాక అత్తగారి వెనకాలే తిరిగి పని నేర్చుకున్నారట. తొట్టెలోకి దిగి తొక్కడం, పీపా తట్టి చూడటం, చలి రాత్రులు చిగుళ్ళు మాడిపోకుండా తోట నిండా పెద్ద పెద్ద కొవ్వొత్తులు వెలిగించడం. ఆ ఏడు వసంతంలో కూడా మంచు పడిందట. దీపాలు పెట్టినా చాలా చిగుళ్ళు మాడిపోయి పంట బాగా తగ్గిందన్నారు. అప్పుడు ముదీర్ వైపు తిరిగి, "ఈ అమ్మాయి తాగనక్కర్లేదు. వాసన చూసి చెబితే నాకు చాలు," అన్నారు. ముదీర్ సరేనన్నట్టు భుజాలెగరేశాడు. నా ప్రాణం లేచొచ్చింది. మాట దక్కింది, ఉద్యోగం కూడా దక్కేటట్టుంది.

ఆవిడ నాకోసం ఇంకో సీసాలోంచి పోశారు. మొదటిదానికంటే రంగు లేతగా, అంచు ఇటుక రంగులో ఉంది. పాతది.

"ఇది మా అత్తగారు చేసిన ఆఖరి వైన్," అన్నారు. "ఆ శీతాకాలమే పోయింది. ఇంకా కొన్ని సీసాలే ఉన్నాయి. అమ్మడానికి కాదు. ఎక్కడికి వెళ్ళినా ఒకటి తెచ్చుకుంటాను."

గ్లాసు చేతిలోకి తీసుకున్నాను. వాసన చూసి చెబితే చాలన్నారు. కానీ ఆవిడ నా ముఖం కేసే చూస్తున్నారు. మా వీధిలో ఒకావిడ పోతే, వాళ్ళ ఇంట్లో ఆవిడ చేతి మాగాయ జాడీ అడుగుకి వచ్చేదాకా దాచుకుని తిన్నారు. ఆఖరి ముక్క వచ్చినవాళ్ళకి పెట్టారు. ఎవరైనా దాన్ని వాసన చూసి పక్కన పెడతారా? నోట్లో వేసుకుని ఊస్తారా?

గ్లాసు పెదవికి ఆనించాను. గాజు చల్లగా తగిలింది. తాగాను. పక్కనే ఊసే బకెట్ ఉంది. దాని వంక చూడలేదు. మింగేశాను.

ఎలా ఉందో చెప్పడం మొదలుపెట్టాను. ముదీర్ నేర్పిన మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు, నాకు తోచినవే చెప్పాను. సగం ఇంగ్లీషు, మధ్యలో తెలుగు. పెద్దావిడ అడ్డుపడకుండా విని, చివర్లో నా చెయ్యి పట్టుకుని కాసేపు అలాగే ఉంచారు. ముదీర్ గొంతు సవరించుకున్నాడు. "రేపట్నుంచి సాయంత్రం షిఫ్టు," అన్నాడు. "చొక్కాలు మాత్రం ఎక్కువ తెచ్చుకోండి."

షార్జా బస్సులో కూర్చున్నాక భయం పట్టుకుంది. ఉద్యోగం వచ్చిందని ఫోన్ చెయ్యొచ్చు, చెయ్యలేదు. నియమం సడలించి ఇచ్చిన మనిషికి, ఆ సడలించింది కూడా నిలబెట్టుకోలేదని ఫోన్లో చెప్పలేను. ట్రాఫిక్ ఎంత నెమ్మదిగా కదిలినా ఆ రోజు నాకు తొందరగానే ఇల్లొచ్చేసినట్టుంది.

అత్తయ్య బాల్కనీలో ఉన్నారు. పక్క బిల్డింగుల లైట్ల మధ్య నక్షత్రం వెతుక్కుంటున్నారు. నన్ను చూసి ముందు చొక్కా మీద మరక కేసి చూశారు.

"ఏవైందే?"

"ఉద్యోగం వచ్చింది."

కళ్ళు మూసుకుని రెండు చేతులూ జోడించారు. ఆ చేతులు దించకముందే చెప్పెయ్యాలనుకున్నాను.

"అత్తయ్యా, పెదవి తగిలింది. మింగాను కూడా."

ఆవిడ చేతులు అలాగే ఉండిపోయాయి. హాల్లోంచి మా ఆయన రాబోయి, మా ఇద్దర్నీ చూసి, వెనక్కి వెళ్ళిపోయారు. పెద్దావిడ సంగతీ, పోయిన అత్తగారి సంగతీ, ఆఖరి సీసా సంగతీ అంతా చెప్పాను. "పోయినావిడ చేతిది. ఆ కోడలు ఎదురుగా కూచుని చూస్తోంది. ఎలా ఊస్తానత్తయ్యా?" అన్నాను.

"ఊసుంటే నేనే తిట్టేదాన్ని," అన్నారు అత్తయ్య. జోడించిన చేతులు దించి, "వ్రతం చెడ్డా ఫలం దక్కిందిలే," అన్నారు.

మూడు రోజుల తాళం సంగతి చెబితే ఆవిడ ముఖం వెలిగిపోయింది. "చూశావా? నేను చెబితే చాదస్తమన్నావు. ఫ్రాన్సు వాళ్ళకి తెలుసు!" అని దాన్ని రెండుసార్లు మళ్ళీ చెప్పించుకున్నారు. అదిగో నక్షత్రం అని మా ఆయన చూపిస్తే, అది విమానం అని కొట్టిపారేశారు. అది కదలడం లేదని ఆయన వాదిస్తే సరేనని దానికే దణ్ణం పెట్టి, ముగ్గురికీ వడ్డించారు.

భోజనాలయ్యాక ఆవిడ మళ్ళీ బాల్కనీలోకి వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు. నేను ఆరేసిన బట్టలు తీస్తున్నాను.

"ఎలా ఉందే అది?" అన్నారు, నా వైపు చూడకుండా.

"ఏది?"

"అదే. ఆ తాగింది."

బట్టలు పక్కన పెట్టి నేల మీద కూర్చున్నాను. మధ్యాహ్నం చెప్పింది తెలుగులో చెప్పాను. మొదట కొంచెం పులుపు, నేరేడుపండు తిన్నాక నాలిక పట్టేసినట్టుంటుంది. తరవాత తొలకరికి తడిసిన మట్టి వాసన, ఎండుటాకుల వాసన. గొంతులో కొంచెం వేడి. మింగాక రుచి వెంటనే పోదు, ఎవరో లేచి వెళ్ళిన కుర్చీ కాసేపు వెచ్చగా ఉన్నట్టు ఉంటుంది.

అత్తయ్య కుర్చీ చేతిని అరచేత్తో నిమిరారు. కింద రోలా బస్సులు హారన్లు కొడుతున్నాయి.

"మీ మావయ్యగారు అన్నేళ్ళు తాగొచ్చి కూచున్నారు," అన్నారు. "తిట్టాను, అలిగాను, అన్నం పెట్టకుండా పడుకున్నాను. ఎలా ఉంటుందండీ అది, అని ఒక్కసారీ అడగలేదే. అడిగుంటే చెప్పేవారేమో. నోరు విప్పేవారేమో."

నాకు దుఃఖం ముంచుకొచ్చింది. ఆవిడ మోకాలి మీద చెయ్యి వేశాను. ఆవిడ తియ్యమనలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, నా వైపు తిరిగారు.

"మళ్ళీ చెప్పవే, ఆ నేరేడుపండు దగ్గర్నుంచి," అన్నారు.